చలనచిత్రమునుండి పుటకు: జపాను మాంగా అనుసరణముల స్వరూపవిచారము

ప్రస్తావన

కథ యొక కళారూపమును విడిచి మఱియొక కళారూపమును ఆశ్రయించుట సాహిత్యచరిత్రలో క్రొత్త విషయము కాదు. పురాణము యక్షగానమైనది, నవల చలనచిత్రమైనది. గ్రంథమునుండి ప్రదర్శనమునకు సాగు ఈ ప్రయాణమును గూర్చి విమర్శకులు విరివిగా వ్రాసియున్నారు. ప్రదర్శనమునుండి గ్రంథమునకు సాగు ఎదురు ప్రయాణమునకు మాత్రము అంతటి గౌరవము లభింపలేదు. చలనచిత్రము విజయవంతమైన పిమ్మట, లేదా విజయము నాశించి ముందుగనే, దానిని పుస్తకముగా వెలువరించుట వ్యాపారమే కాని రచన కాదను భావము బలముగా నున్నది. ఈ భావము ఎంతవఱకు యుక్తమో, జపాను దేశపు మాంగా అనుసరణములను ఆధారముగా గైకొని విచారించుట మా యుద్దేశము.

మాంగా యనగా జపాను భాషలోని చిత్రకథ. అది గడులుగా విభజింపబడిన పుటలపై, సాధారణముగా నలుపు తెలుపులలో ముద్రింపబడి, కుడినుండి యెడమకు చదువబడును. పత్రికలలో ధారావాహికముగా వెలువడి పిదప సంపుటములగుట దాని సామాన్యమార్గము. యానిమేషన్ చిత్రమనగా గీసిన బొమ్మలకు చలనము కల్పించి తెరపై చూపు చిత్రము. ఈ రెంటికిని సంబంధము చిరకాలమునుండి కలదు. తఱచుగా మాంగాయే ముందు పుట్టి చిత్రమునకు మూలమగును. తెజుకా ఒసాము 1952 మొదలు 1959 వఱకు గీసిన వానరవీరుని కథ ‘బోకు నో సోన్‌గోకూ’ ఆధారముగా తోయెయ్ సంస్థ 1960లో ‘సాయూకి’ యను చిత్రమును నిర్మించెను. ఓతోమో కత్సుహిరో రచించిన ‘అకిరా’ మాంగా 1982లో ఆరంభమై 1988లో చిత్రమైనది. జపానువారి యాచారము ననుసరించి, అది మన యాచారము కూడ గనుక, ఇంటిపేర్లను ముందు వ్రాయుచున్నాము. ఇది యనులోమమార్గము. చిత్రమే ముందు సంకల్పింపబడి, దానినిబట్టి మాంగా పుట్టుట విలోమమార్గము. మా పరిశీలనము ఈ విలోమమార్గమునకు, అందును అద్భుతసాహసకథలకు పరిమితము.

విలోమమార్గము నిన్న మొన్న పుట్టినది కాదు. 1969 మార్చిలో తోయెయ్ సంస్థ ‘నాగాగుత్సు ఓ హాయిత నెకో’ యను చిత్రమును విడుదల చేసెను. బూట్లు తొడిగిన పిల్లి కథ యిది. దర్శకుడు యాబుకి కిమియో. ఆ చిత్రమునకు బొమ్మలు గీసిన వారిలో నొకడైన మియజాకి హయావో, ఆ సంవత్సరము జనవరినుండి తోక్యో చూనిచి దినపత్రిక ఆదివారపు సంచికలలో అదే కథను చిత్రకథగా గీసెను. 1971లో ఇకెదా హిరోషి దర్శకత్వమున వచ్చిన ‘దోబుత్సు తకరాజిమా’, అనగా జంతువుల నిధిదీవి, విషయమునను అట్లే జరిగెను. రెండును చిత్రము తెరకు రాకముందే ప్రచారార్థము మొదలైనవి. అర్ధశతాబ్ది గడచినను ఈ పద్ధతి మాఱలేదు. షిన్‌కాయ్ మకోతో రచించి దర్శకత్వము వహించిన ‘సుజుమె నో తోజిమారి’ 2022 నవంబరు 11న విడుదల కాగా, అమాషిమా దెంకి గీసిన మాంగా దానికి ముందు నెలలోనే ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో ఆరంభమైనది.

ఈ చరిత్రవలన రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి, ఈ రచనలకు జన్మకారణము వ్యాపారమే. దానిని మఱుగుపఱుప నక్కఱలేదు. ఐనను జన్మకారణము గుణనిర్ణయమునకు ప్రమాణము కానేరదు. మన ప్రబంధములలో ననేకములు రాజుల కోరికపై, మంత్రుల కోరికపై పుట్టినవే గదా! రెండవది, కాలక్రమమున అనుసరణము మూలమునకు ముందే పాఠకుని చేరవచ్చును. అట్టి పాఠకునకు మాంగాయే ప్రథమానుభవము, చిత్రమే పునర్దర్శనము. ‘ముందు వచ్చినది మూలము, వెనుక వచ్చినది నీడ’ యను సూత్రము ఇచ్చట చెల్లదు. కావున వీని తారతమ్యమును నిర్ణయించుటకు వేఱొక కొలబద్ద కావలెను.

మన యలంకారశాస్త్రమునందలి కొలబద్ద

ఆ కొలబద్ద మన యలంకారశాస్త్రమున దొరకుచున్నది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్యోతమునందు ఒక కవి రచనకు మఱియొక కవి రచనతో గల పోలికను విచారించి, ఆ పోలికను మూడు విధములుగా విభజించెను. బింబమునకు ప్రతిబింబమువలె నుండునది మొదటిది. వస్తువునకు దాని చిత్తరువువలె నుండునది రెండవది. ఒక మనుష్యునకు అట్టి యాకారమే గల మఱియొక మనుష్యునివలె నుండునది మూడవది. దీనికి తుల్యదేహి యని పేరు. ప్రతిబింబమునకు తనదను ఆత్మ లేదు. చిత్తరువునకు ఆత్మ యున్నను అది తుచ్ఛము. తుల్యదేహికి ప్రసిద్ధమైన సొంత యాత్మ కలదు. కావున మొదటి రెంటిని విడువవలెననియు, మూడవదానిని విడువ నక్కఱలేదనియు ఆయన తీర్పు. ఆత్మ వేఱుగా నున్నపుడు పూర్వపు పోలిక దోషము కాదనియు, చంద్రుని పోలిన ముఖమువలె అది మఱింత ప్రకాశించుననియు ఆయన భావము. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు ఈ విభాగమునే గ్రహించి మఱియొక భేదమును చేర్చెను.

ఆనందవర్ధనుడు చెప్పినది ఒకే జాతికి చెందిన రెండు కావ్యముల పోలికను గూర్చి. మనము పరిశీలించునవి జాతిభేదము గల రెండు కళలు. అందువలన ఆ విభాగమును ఉన్నదున్నట్లు గైకొనక, ‘ఆత్మ’ యను పదమునకు ఇచ్చట అర్థమేమో ముందుగా నిర్ణయింపవలసియున్నది. దీనికి మన వాఙ్మయచరిత్రయే యొక దారి చూపుచున్నది.

పదునైదవ శతాబ్దమున పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగారశాకుంతలమును రచించెను. దానికి ప్రధానమైన మూలము కాళిదాసుని నాటకము. భారతకథ కూడ అందు కలిసినది. ఆ శతాబ్దముననే నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు కృష్ణమిశ్రుని ప్రబోధచంద్రోదయ నాటకమును తెలుగున పద్యకావ్యముగా రచించిరి. ఇవి దృశ్యమును శ్రవ్యముగా మార్చిన యత్నములు. శాకుంతల నాటకారంభమున దుష్యంతుడు లేడిని తఱుముకొని వచ్చును. రంగస్థలముమీద గుఱ్ఱములు లేవు, రథమును లేదు. నటుని యభినయము, నాలుగు శ్లోకములు కలిసి ఆ వేగమును పుట్టించును. కావ్యమున నటుడు లేడు. అభినయము చేయవలసిన పనిని కూడ పద్యమే చేయవలెను. నాటకమునందలి మాటలను మాత్రము తెనిగించి యూరకున్నచో, ఆ కావ్యము నటుడు వెడలిపోయిన రంగస్థలమువలె నుండును. కావున దృశ్యమును శ్రవ్యముగా మార్చుకవి మూలమునుండి తెచ్చుకొన్నదానితోబాటు, మార్గమధ్యమున పోయినదానిని తానే సృష్టించుకొనవలెను. పోయినదానిని తన సాధనములతో మరల సృష్టించుకొను శక్తియే అనుసరణమునకు ఆత్మ యని మా యభిప్రాయము.

చిత్రము మాంగాగా మాఱునపుడు పోవునదేమి?

చిత్రమునుండి పుటకు వచ్చునపుడు వర్ణము పోవును, సంగీతము పోవును, కంఠస్వరము పోవును, చలనము పోవును. ఇవి యందఱకును కన్పట్టు నష్టములు. వీనియన్నిటి వెనుక ఇంకొకటి కలదు. అది కాలముపై ఆధిపత్యము. చలనచిత్రమున కాలము చిత్రకారుని వశము. ఒక చూపు ఎంతసేపు నిలువవలెనో, ఒక నిశ్శబ్దము ఎప్పుడు ముగియవలెనో ఆయనయే నిర్ణయించును. ప్రేక్షకుడు త్వరపడలేడు, వెనుకకు పోలేడు. పుటపై కాలము పాఠకుని వశము. అతడు ఒక గడి వద్ద ఆగవచ్చును, పది గడులను ఒక్క చూపుతో దాటవచ్చును, పుట త్రిప్పి వెనుకకు పోవచ్చును. ఈ స్వేచ్ఛను పాఠకునినుండి లాగికొనకయే అతని నడకను నియమించుట మాంగా రచయితకు గల సమస్య.

దానికి అతనివద్ద నున్న సాధనములు కొన్ని. మొదటిది గడుల పరిమాణము: పెద్ద గడి చూపును నిలుపును, చిన్న గడుల వరుస చూపును పరుగెత్తించును. రెండవది పుట మలుపు: ఎడమపుట చివరి గడిలో ప్రశ్న నుంచి, త్రిప్పిన పిమ్మట సమాధానమును చూపుట. మూడవది రెండు పుటల నిండుగా పఱచిన ఒకే చిత్రము. నాలుగవది ధ్వన్యనుకరణ శబ్దములు. జపాను భాష వీనియందు మన భాషవలెనే మిక్కిలి సంపన్నమైనది. మాంగాలో అవి అక్షరములై యుండియు బొమ్మలో భాగములై నిలుచును. విశేషమేమనగా, ఆ భాషలో నిశ్శబ్దమును తెలుపుటకు కూడ ‘షీన్’ అను నొక యనుకరణ శబ్దము కలదు. చిత్రమున నిశ్శబ్దము వలసినచో ధ్వనిని తీసివేసిన చాలును. పుటపై ధ్వని మొదటినుండియే లేదు గనుక, నిశ్శబ్దమును సయితము వ్రాసి చూపవలసివచ్చును. పోయినదానిని మరల సృష్టించుకొనుట యనగా నేమో ఈ యొక్క శబ్దమువలననే తెలియగలదు.

పుట మలుపు ఎంత ముఖ్యమో అనువాదచరిత్రవలనను స్పష్టమగుచున్నది. మియజాకి ‘నౌషికా’ మాంగాను అమెరికాలో విజ్ సంస్థ మొదట ఇంగ్లీషున ప్రకటించినపుడు, అచ్చటి పాఠకుల యలవాటును బట్టి పుటలను అద్దములోవలె త్రిప్పి, ఎడమనుండి కుడికి సాగునట్లు ముద్రించెను. తరువాతి ముద్రణములలో మూలమునందలి దిక్కునే నిలిపిరి. పుట దిక్కు మాఱిన బొమ్మలోని మనిషి కుడిచేయి యెడమచేయి యగును. బొమ్మ కూర్పున చిత్రకారుడు కల్పించిన తూకము తలక్రిందులగును. మాటలను అనువదించుట చాలదనియు, పుట కూడ ఒక భాషయే యనియు ఈ సవరణవలన గ్రహింపవచ్చును.

ప్రతిబింబము: ఫిల్మ్ కామిక్

ఇక ఆనందవర్ధనుని విభాగమును అనుసరింతము. ప్రతిబింబప్రాయమైనది ఫిల్మ్ కామిక్ అను జాతి. చిత్రములోని బొమ్మలనే యేరి, పుటలపై గడులుగా అమర్చి, సంభాషణములను మాటల బుడగలలో ముద్రించుట దీని పద్ధతి. స్టూడియో జిబ్లీ చిత్రములకు తోకుమా షోతెన్ సంస్థ ఇట్టి సంపుటములను ప్రకటించినది. మియజాకి 2001లో నిర్మించిన ‘సెన్ తో చిహిరో నో కామికకుషి’ యను చిత్రమునకు వెలువడిన ఫిల్మ్ కామిక్‌ను విజ్ సంస్థ ఇంగ్లీషున అయిదు సంపుటములుగా ముద్రించెను. ఇచ్చట రంగులు మూలమునందలివే, రేఖలు మూలమునందలివే. విశ్వసనీయతయే ప్రమాణమైనచో ఇంతకు మించిన అనుసరణము లేదనవలెను.

కాని చిత్రమునందలి యొక ఘట్టమును స్మరింపుడు. దేవతల స్నానగృహములో చిక్కుపడిన చిహిరో యను బాలిక, ముఖము లేని మూగప్రాణిని వెంటబెట్టుకొని, నీటిమీద సాగు రైలుబండిలో దూరపు బురదనేలకు పయనించును. పెట్టెలో నీడలవంటి ప్రయాణికులు కొందఱుందురు, వారొకరొకరుగా దిగిపోవుదురు. సాయంసంధ్య రాత్రియగును. మాటలు దాదాపుగా లేవు. సంఘటన యేమియు లేదు. ఐనను ఈ ఘట్టము చిత్రమంతటికి హృదయస్థానము. ఏలయనగా, భయముతో పరుగులిడిన బాలిక మొదటిసారి తన యిచ్ఛతో బయలుదేఱి నిమ్మళముగా కూర్చున్నది ఇచ్చటనే. 2002లో అమెరికా విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో సంభాషించుచు మియజాకి, రెండు చప్పట్ల నడుమ నుండు ఖాళీని జపాను భాషలో ‘మా’ యందురని తెలిపెను. ఈ రైలు ఘట్టము అట్టి ‘మా’కు ఉత్తమోదాహరణము.

ఆ చిత్రము నిడివి 125 నిమిషములు. క్షణమునకు 24 చట్రముల లెక్కన 1,80,000 చట్రములు తెరపై గడచును. వానిలో అత్యల్పభాగమునే ఫిల్మ్ కామిక్ గ్రహింపగలదు. లోపము ఎన్నికలోని సంఖ్యలో లేదు. ఆ బొమ్మలు తెరమీద కొంత కాలము నిలుచుటకై గీయబడినవి. పుటమీద చూపును నిలుపుటకై గీయబడినవి కావు. కిటికీ ప్రక్క కదలక కూర్చున్న బాలిక బొమ్మ తెరపై కొన్ని క్షణములు నిలిచి మనలను కదలించును. అదే బొమ్మ గడిలో పడినపుడు కన్ను దానిని రెప్పపాటున దాటిపోవును. అందలి సారము బొమ్మలో గాక, అది నిలిచిన కాలములో నుండుటయే దీనికి కారణము. బొమ్మ వచ్చినది, కాలము రాలేదు. కావుననే దీనిని ప్రతిబింబమనుచున్నాము.

ఐనను ఫిల్మ్ కామిక్‌ను తృణీకరించుట మా మతము కాదు. ఇంటింట వీడియో యంత్రములు లేని కాలమున చిత్రమును మరల చూచుటకు అదియే సాధనము. చిత్రమును చూచినవానికి అది స్మృతిని మేల్కొల్పును. చిత్రమును పరిశోధించువానికి కూర్పును, వర్ణమును నిలిపి చూపును. దాని ప్రయోజనము నిఘంటువు ప్రయోజనమువంటిది. నిఘంటువును కావ్యమనకున్నంత మాత్రమున దానిని అవమానించినట్లు కాదు గదా!

చిత్తరువు: పునర్లేఖనము

రెండవ జాతి, చిత్రకథను మఱియొక చిత్రకారుడు తన చేతితో మరల గీయునది. నేడు విరివిగా వచ్చుచున్నది ఇదియే. షిన్‌కాయ్ 2016 నాటి ‘కిమి నో నా వా’కు కోతోనె రన్‌మారు మూడు సంపుటముల మాంగా గీసెను. హోసోదా మమోరు 2015 నాటి ‘బాకెమోనో నో కో’కు అసాయ్ రెంజి గీసెను. ఇట్టి పుస్తకములపై ‘మూలరచన’ యని దర్శకుని పేరు, ‘మాంగా’ యని చిత్రకారుని పేరు వేఱువేఱుగా ముద్రింతురు. పుస్తకమునకు ఇద్దఱు కర్తలున్నారని అట్టయే యొప్పుకొనుచున్నది. కాని సమీక్షకులు తఱచుగా మొదటి పేరునే చదువుదురు. రెండవ పేరు గలవాడు చేసిన పనియేమో అడుగుటయే విమర్శకుని కర్తవ్యము.

ఈ జాతికి పొంచియున్న యపాయము చిత్తరువగుట. దృశ్యక్రమమును మార్పక, సంభాషణములను వదలక, ప్రతి దృశ్యమునకు ఒక గడిచొప్పున గీసికొనిపోయినచో, చేయి క్రొత్తదే కాని చూపు పాతది. అప్పుడు రంగు, సంగీతము పోయిన నష్టము మిగులును, లాభము మిగులదు.

‘కిమి నో నా వా’నే చూతము. కొండపల్లెలోని మిత్సుహా, తోక్యో నగరమునందలి తాకి తమకు తెలియకయే ఒకరి శరీరమున నొకరు మేల్కొనుచుందురు. ఆ మార్పిడి దినములను చిత్రము రాడ్‌వింప్స్ బృందముయొక్క వేగవంతమైన పాటపై పరుగెత్తించును. పాటయే ఆ తునుకలను కుట్టు దారము. పుటపై పాట లేదు. దారము లేని తునుకలను అదే వరుసలో పేర్చినచో అవి జాబితా యగును గాని ఉల్లాసము కాదు. తరువాతి దృశ్యమొకటి ఇంకను సున్నితమైనది. సంధ్యవేళ కొండగట్టుపై ఇద్దఱును కలిసికొని, పేర్లు మఱచిపోకుండుటకై అరచేతులలో వ్రాసికొన బూనుదురు. తాకి వ్రాసిన పిమ్మట మిత్సుహా వ్రాయబోవుచుండగనే వెలుగు పోవును, ఆమె యదృశ్యమగును, కలము నేల గూలును. చిత్రమున ఈ శూన్యమును సృష్టించునది క్షణకాలపు ఖండనము. ఆ ఖండనమునకు పుటపై సహజమైన ప్రతినిధి పుట మలుపే. ఒక పుటలో చేతులు రెండు, త్రిప్పిన పుటలో చేయి యొకటి. ఇట్లు చేయుటకై దృశ్యములోని గడుల సంఖ్యను పెంచవలసినను తగ్గింపవలసినను చిత్రకారుడు వెనుదీయరాదు. ఇచ్చట అక్షరవిధేయతయే మూలద్రోహము.

‘బాకెమోనో నో కో’లో వేఱొక కష్టము కలదు. తల్లిని కోల్పోయిన బాలుడు మృగలోకము జేరి, కుమాతెత్సు అను మొఱటు మృగమునకు శిష్యుడగును. గురువునకు నేర్పుట రాదు. అందుచే బాలుడు గురువు అడుగులను వెంటనంటి, అతడు పాదము కదపినట్లు తానును కదపుచు నేర్చుకొనును. తుదకు చూడకయే గురువు అడుగును పసిగట్టగలవాడగును. ఇది చలనముచే చలనమును నేర్చుకొను ఘట్టము. యానిమేషన్ కళకు పుట్టినిల్లు. దీనిని గీయు మాంగా రచయితకు చలనము లేదు. అతనికి గలది పోలిక. గురువు గడిని, శిష్యుని గడిని ప్రక్కప్రక్క నుంచి, రెంటి నడుమ వ్యత్యాసము క్రమముగా తగ్గుటను ఒకే పుటపై చూపవచ్చును. చిత్రము ఒకదాని తరువాత ఒకటిగా చూపినదానిని పుట ఏకకాలమున చూపగలదు. అనుకరణమునుండి స్వాతంత్ర్యమునకు సాగిన యీ శిష్యుని కథ, అనుసరణకారుడు నడువవలసిన త్రోవను కూడ సూచించుచున్నది.

‘సుజుమె’ చిత్రమున మఱియొక రకమగు సందర్భము కలదు. పదునేడేండ్ల సుజుమె క్యూషూ దీవినుండి ఎహిమె, కోబె, తోక్యోల మీదుగా ఈశాన్యమునకు పయనించుచు, పాడువడిన తావులలో తెఱచుకొన్న ద్వారములను మూయుచు, భూకంపములను నివారించును. ఆమె తోడి యువకుడు శాపవశమున మూడుకాళ్ళ చిన్న కుర్చీగా మాఱును. ఆ కుర్చీ పరుగు చలనకళకు చేసిన పండుగ, పుటకు లొంగనిది. కాని తుదకు ఆమె తన పుట్టినచోట మట్టిలో పాతిన పెట్టెను త్రవ్వి, బాల్యపు దినచర్యను తెఱచును. 2011 మార్చి 11, అనగా తూర్పు జపానును భూకంపము, సముద్రపు ఉప్పెన ముంచెత్తిన దినము, మొదలుకొని ఆ పుటలు నల్లరంగుతో పులుమబడియుండును. చిత్రము ఇచ్చట పుటను చూపుచున్నది. మాంగాలో పుటయే పుటను చూపును. పాఠకుని చేతిలో నున్న కాగితమే ఆ బాలిక పులిమిన కాగితము కాగలదు. తెరకు సాధ్యము కాని సామీప్యమిది. నలుపు తెలుపుల ముద్రణము మిగిలినచోట్ల లోటే యైనను, ఇచ్చట బలము. అనుసరణము మూలముకంటె నెక్కువ చెప్పగల తావు ప్రతి కథలోను ఒకటి రెండుండును. వానిని గుర్తించుటయే చిత్తరువునుండి తుల్యదేహికి దాటు మెట్టు.

తుల్యదేహి: నౌషికా

తుల్యదేహికి పరమోదాహరణము ‘కాజె నో తానీ నో నౌషికా’. ఇది శుద్ధమైన విలోమోదాహరణము కాదు. మాంగా 1982లో ‘అనిమేజ్’ పత్రికలో మొదలై, దాని పూర్వభాగము ఆధారముగా 1984 మార్చిలో చిత్రము వెలువడినది. ఐనను మాంగా అచ్చట ముగియలేదు. చిత్రనిర్మాణములకై నడుమ నడుమ ఆగుచు, 1994లో ఏడవ సంపుటముతో సమాప్తమైనది. చిత్రమున కుపయోగించినది ఇంచుమించు మొదటి రెండు సంపుటముల కథయే. కావున 1984 తరువాతి భాగమును, తన చిత్రమును తానే చూచిన రచయిత దానికి వ్రాసిన ప్రత్యుత్తరముగా చదువవచ్చును.

చిత్రమున మానవులు విషారణ్యమును చూచి భయపడుదురు. ఆ యరణ్యము నిజముగా నేలను శుద్ధి చేయుచున్నదని నౌషికా కనుగొనును. తుదకు ఓము లను మహాకీటకముల వెల్లువ కెదురు నిలిచి ప్రాణము విడిచిన యామెను ఆ కీటకములే బ్రదికించును, ప్రాచీనప్రవచనము ఫలించును. ఇది రెండు గంటల చిత్రమునకు తగిన సమాప్తి; రసము పూర్ణముగా పండినది. మాంగా ఉత్తరభాగమున ఈ సుఖాంతము యొక్క పునాది కదలును. ఆ యరణ్యము ప్రకృతి దయ కాదనియు, పూర్వనాగరికులు బుద్ధిపూర్వకముగా నిర్మించిన శుద్ధియంత్రమనియు, నేటి మానవులు కూడ కలుషితవాయువును సహించునట్లు మార్పబడినవారే గనుక శుద్ధమైన లోకమున బ్రదుకజాలరనియు తెలియవచ్చును. పూర్వులు భద్రపఱచిన భవిష్యత్తును నౌషికా తిరస్కరించి, దానిని దాచిన షువా సమాధిని నాశనము చేయించును. రక్షకురాలిగా చిత్రము చూపిన వనితయే, మాంగాలో రక్షణ యను భావమునే ప్రశ్నించునదైనది.

ఒకే పేరు, ఒకే రూపము, ఒకే లోయ, ఆత్మ వేఱు. ఈ భేదమునకు రచయిత యభిప్రాయము మాఱుట యొక కారణమే. రెండవది కాలము. పండ్రెండేండ్లు నెలనెలకు సాగు రచన సందేహమును సహింపగలదు. ఒక సాయంకాలమున ముగియు ప్రదర్శనము సమాధానమును కోరును. ఈ మాంగా గడులు చిన్నవి, క్రిక్కిఱిసినవి. వేగముగా చదువ వీలుకానివి. పాఠకుడు ఆగి, వెనుకకు పోయి, మరల చదువవలసినదే. పుట తన కాలధర్మమును దాచికొనక, దానినే యర్థమునకు సాధనముగా చేసికొన్నది.

ఆక్షేపసమాధానములు

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును: చిత్రమును ప్రేమించి పుస్తకము కొన్న పాఠకుడు ఆ చిత్రమునే కోరును గాని చిత్రకారుని స్వాతంత్ర్యమును కోరడు, మార్పు అతనికి మోసము కాదా? ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. మియజాకి తన కథను తాను మార్చుకొనెను. కూలికి గీయు చిత్రకారునకు ఆ యధికారము లేదు. మూలకర్త, నిర్మాతలు దానిని సమ్మతింపరు. మేము కోరునది కథను మార్చుమని కాదు. ఆనందవర్ధనుడు తృతీయోద్యోతమునందు, ఇతివృత్తమును నడపినంత మాత్రమున కవికి ప్రయోజనము లేదనియు, రసమునకు తగినట్లు కథను కూర్చవలెననియు చెప్పెను. ఔచిత్యమును అతిక్రమింపరాదని చెప్పినవాడు కూడ ఆయనయే. మిత్సుహా తాకిల కలయికను తొలగించుట అనౌచిత్యము. ఆ కలయికను పుట మలుపున నిలుపుటకై గడులను క్రొత్తగా కూర్చుకొనుట ఔచిత్యము. పాఠకుడు కోరునది చిత్రమునందలి బొమ్మలను కాదు, చిత్రము తనయందు కలిగించిన స్థితిని. ఆ స్థితికి తెరపై నొక దారి, పుటపై వేఱొక దారి.

ఉపసంహారము

ఇంతవఱకు చేసిన విచారమువలన తేలినది యిది. అనుసరణమును మూలముతో గల పోలికనుబట్టి తూచుట తప్పు. మూలముతో గల భేదమునుబట్టి తూచుటయు తప్పే. ఫిల్మ్ కామిక్ సంపూర్ణసాదృశ్యము గలదియై కూడ మూలానుభవమునకు దూరమైనది. బొమ్మలను వదలి గడులను తాను కూర్చుకొన్న మాంగా మూలమునకు సమీపమగుటకు వీలున్నది. పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: చిత్రమునందలి ఈ ఘట్టపు బలము దేనిపై నాధారపడినది? ఆ యాధారము పుటపై నిలుచునా? నిలువనిచో చిత్రకారుడు దానికి మాఱుగా పుటకు సహజమైన దేనిని నిలిపెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఘట్టఘట్టమునకు వెదకవలెను గాని, గ్రంథమంతటికి ఒక్క మాటలో తీర్పు చెప్పరాదు. ఒకే మాంగాలో ప్రతిబింబమైన పుటయు, తుల్యదేహియైన పుటయు ప్రక్కప్రక్క నుండవచ్చును.

ఈ ప్రశ్నలు మాంగాకు మాత్రమే చెందినవి కావు. నాటకమును కావ్యము చేసిన మన పూర్వకవుల గ్రంథములను మూలముతో పోల్చునపుడు, ‘ఏ శ్లోకమునకు ఏ పద్యము’ అను పట్టికతో పరిశోధనము ముగియుట మన విశ్వవిద్యాలయములలో అలవాటైనది. నటుని యభినయము పోయిన చోట పద్యమేమి చేసినదను ప్రశ్న ఆ పట్టికలో కన్పడదు. జపాను దేశపు చిత్రకథలను చదివిన కన్నుతో శృంగారశాకుంతలమును మరల తెఱచినచో, ఆ ప్రశ్న తనంతట తానే లేచును. అట్టి పరిశోధనమునకు మన విద్యార్థులు పూనుకొందురని మేము ఆశించుచున్నాము.